ఎర్ర దారం కట్టిన కోడళ్ళు

నికనోరా చాన్‌కు ఒక సందేహం ఉండేది. అత్తగారు సతుర్నీనా పోయిన నాటినుంచీ ఆమె దాన్ని మోస్తోంది. పోయేముందు సతుర్నీనా ఊయలలో లేచి కూర్చుని, కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుని, "సన్నికల్లు" అంది. తర్వాత వేలెత్తి పక్కింటి తిబుర్సియా గోడవైపు చూపించింది. ఇంకేదో చెప్పబోయింది గాని, దగ్గు తెర వచ్చి ఆ మాటను తీసుకుపోయింది. దాని వెనకే ఆవిడా పోయింది. సన్నికల్లు తిబుర్సియాది, ఇచ్చెయ్యమని చూపించిందో, తిబుర్సియా కన్ను దానిమీద ఉంది, జాగ్రత్తగా చూసుకోమని చూపించిందో ఎవరికీ తెలియలేదు.

నికనోరా ఫాదర్‌గారిని అడిగింది. "నీ మనసుకే తెలుస్తుందమ్మా," అన్నారాయన. ఆమె మనసుకు తెలియలేదు. ప్రతి ఆదివారం మోకాళ్ళమీద కూర్చుని, "స్వామీ, నాది కానిది నా ఇంట్లో ఉంచకు. నాదైనది పక్కింటికి పోనీయకు," అని వేడుకునేది. రెండు కోరికలూ ఒక్క ఊపిరిలో అడగడంవల్ల కాబోలు, స్వామి దేనికీ పలకలేదు.

తిబుర్సియా మాత్రం ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగలేదు. ఆమె మొక్కజొన్న బుట్ట నెత్తిన పెట్టుకుని రోజూ మిల్లుకు పోయి పిండి ఆడించుకునేది. చున్‌పిచ్ ఊళ్ళో చేతులు బాగున్న ఆడది మిల్లు పిండితో రొట్టెలు చేస్తే ఊరుకోరు. ఆమెకు మిల్లు దొరసాని అని పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నికనోరా కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వేది.

పండగ రోజు ఉదయం నికనోరా చేసుకున్న ఏర్పాటు మామూలుదే. ఇసీద్రో స్వామి పండగ. పండగ జరిపించే సంఘం వాళ్ళు స్వామి జెండా పట్టుకుని, బాజాలతో ఒక ఇంటికి వస్తారు. ఆ ఇంటివాళ్ళు టర్కీ కోడి నల్ల పులుసు, రొట్టెలు అందరికీ పెట్టాలి. ఈ ఏడు ఆ వంతు నికనోరా ఇంటిది. తన మామగారి కాలంలో ఒకసారి వచ్చింది, మళ్ళీ ఇప్పుడు. జెండా గుమ్మం ముందు ఒక్కసారే ఆగుతుంది. అప్పటికి వంట కాకపోతే పక్కింటికి వెళ్ళిపోతుంది. అలా తప్పిన కుటుంబానికి ఇక ఎన్నటికీ వంతు రాదు. పక్కిల్లంటే తిబుర్సియాదే.

చిక్కల్లా గ్రహణం. పొద్దెక్కాక సూర్యుణ్ణి కొరుకుతారని రేడియోలో చెప్పారు. సూర్యుణ్ణి కొరికే వేళ వంటింటి సామానుకు మెలకువ వస్తుందని చున్‌పిచ్‌లో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సొంత ఇంట్లో ఉన్నవి ఒకసారి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకుంటాయి. అరువు వెళ్ళినవి లేచి తమ ఇంటికి నడిచిపోతాయి. అందుకే గ్రహణం ముందురోజు ఎవరి సామాను వాళ్ళకు ఇచ్చేస్తారు. కాని పండగ వంట అరువు గిన్నెలు లేకుండా ఎక్కడవుతుంది? సంఘం పెద్ద దోన్ వెన్సెస్లావో ఇంటి ఇనుప కాగు, ఎవరిదో పెద్ద పెనం, ఇంకెవరివో గరిటెలు, తిబుర్సియా మట్టి పళ్ళేలు, అన్నీ నికనోరా వంటింట్లో ఉన్నాయి.

"జెండాని రేపు రమ్మందామా?" అన్నాడు ఆమె భర్త అబుందియో. ఆయన వాకిట్లో కూర్చుని పండగకు కాల్చే తారాజువ్వలకు పుల్లలు కడుతున్నాడు.

"స్వామి పండగ స్వామి పండగనాడే. నీ పుట్టినరోజు మర్నాడు చేస్తే ఊరుకుంటావా?"

"నాకెవరు చేశారు గనక."

"ఎర్ర దారం తెచ్చావా?"

ఇంటివాళ్ళు ఎర్ర దారం కడితే అరువు గిన్నె కూడా తాను ఆ ఇంటిదాన్నే అనుకుని కదలకుండా ఉంటుంది. అది కొంచెం మోసమేనని నికనోరాకు తెలుసు. పండగ పూటకు స్వామి చూసీచూడనట్టు పోతాడని ఆమె ఆశ.

"కొట్లో ఒక్క ఉండ కూడా లేదు. ఊరంతా నిన్ననే కొనేశారు. నువ్వు గరిటెలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నావు."

నికనోరా లోపలికి వెళ్ళి, పెట్టె అడుగునుంచి ఎర్ర శాలువా తీసి, అంచు పట్టుకుని దారాలు లాగడం మొదలుపెట్టింది.

"అది పెళ్ళి శాలువా కదే," అన్నాడు అబుందియో గుమ్మంలోంచి. "మా అమ్మ నీ మెడలో వేసింది. అది పడ్డాకే నువ్వీ ఇంటి కోడలివని అందరూ అన్నారు."

"అయ్యాను కదా. ఇంక దీంతో పనేముంది?"

"ఏమో. నేను మాత్రం వద్దన్నానని గుర్తు పెట్టుకో."

"నువ్వు వద్దననిది ఏదైనా ఉంటే చెప్పు, గుర్తు పెట్టుకుంటాను."

కాగు చెవికి, పెనం పిడికి, గరిటెల మెడలకు, పళ్ళేల దొంతరకు అన్నిటికీ ముడులు వేసింది. చివరికి సన్నికల్లు మిగిలింది, దానిమీద పొత్రం, పక్కన రుబ్బాల్సిన మాడ్చిన మిరపకాయలు. చేతిలో బెత్తెడు దారం ఉంది. కడితే సన్నికల్లు ఇంట్లోనే ఉంటుంది, సందేహం కూడా ఇంట్లోనే ఉంటుంది. కట్టకపోతే ఇవాళ్టితో తేలిపోతుంది. నికనోరా కాసేపు ఆ రాయిని చూసింది. "నీ ఇష్టం స్వామీ," అని దారాన్ని జేబులో వేసుకుంది. తర్వాత మొక్కజొన్న బస్తా ఒకటి ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా పెట్టింది.

ఆమె మిరపకాయలు రుబ్బుతుండగా వెలుగు రంగు మారింది. చీకటి పడలేదు, ఎండ పలచబడింది, నీళ్ళు కలిపిన పాలలా. పుల్ల నారింజ చెట్టు కింద నేలనిండా చిన్న చిన్న కొడవళ్ళలాంటి వెలుగు తునకలు పడ్డాయి. కోళ్ళు ఒకదాని వెనక ఒకటి గూట్లోకి వెళ్ళిపోయాయి. కుక్క పొయ్యి వైపు చూసి, తోక ముడుచుకుని, ఊయల కిందికి దూరింది. గాలి ఆగిపోయింది. పులుసు ఉడుకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తర్వాత ఆ చప్పుడు మాటలైంది.

"అత్తా."

నికనోరా చేతులు ఆగిపోయాయి. ఆమెకు పిల్లలు లేరు, కోడళ్ళూ రాలేదు. ఆ పిలుపుతో ఆమెను ఎవరూ ఎన్నడూ పిలవలేదు.

"ఎవరది?"

"నేనేనత్తా. వెన్సెస్లావోగారింటి పిల్లని. పొయ్యిమీద ఉన్నాను, లేవలేను. ఏమీ అనుకోకండి." కాగు అడుగునుంచి వస్తోంది ఆ గొంతు, బావిలోంచి మాట్లాడినట్టు.

"నల్లగా ఉన్నానని చూస్తున్నారా అత్తా?" అంది పక్క పొయ్యిమీది పెనం. "మా పుట్టింట్లో రోజూ తోమేవారు." గరిటెలు ఒకదానికొకటి తగులుకుని సన్నగా నవ్వాయి. పళ్ళేల దొంతర సిగ్గుపడినట్టు కొంచెం పక్కకు ఒరిగింది.

నికనోరా వేళ్ళు తుడుచుకుంది. "నేను కట్టింది ఉత్త దారం తల్లీ. మీరు ఇక్కడే ఉంటారని."

"ఉంటాం," అంది కాగు. "పెళ్ళి దారం మెడలో పడ్డాక ఇంకెక్కడికి పోతాం? మావాళ్ళకి కూడా కబురు పెట్టాం. వస్తున్నారు."

"ఎవరు వస్తున్నారు?"

"పుట్టింటివాళ్ళు."

బయట అబుందియో ఏదో గొణిగాడు. నికనోరా బస్తా మీదుగా వీధిలోకి చూసింది. ఆ నీళ్ళ వెలుగులో ఊళ్ళో ఉన్న గిన్నెలన్నీ వస్తున్నాయి. పరిగెత్తడం లేదు. పెళ్ళివారిలా నింపాదిగా వస్తున్నాయి. ముందు పెద్ద కుండలు, వాటి వెనక బిందెలు, తర్వాత పళ్ళేలు అంచుమీద దొర్లుతూ, చివర చంకన ఎవరూ ఎత్తుకోని పసివాళ్ళలా చిన్న సొరకాయ బుర్ర గిన్నెలు. దుమ్ములో మట్టి రాసుకునే చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. ఒక్క కుండకైనా కళ్ళు లేవు, అయినా అన్నీ ఆమెవైపే చూస్తున్నాయి.

సూర్యుణ్ణి కొరికేవాణ్ణి బెదరగొట్టడానికి ఊళ్ళో డబ్బాలు వాయిస్తారు, తారాజువ్వలు కాలుస్తారు. ఒకటి కాలిస్తే సూర్యుణ్ణి వదలమని. వరసగా మూడు కాలిస్తే వంట అయింది, జెండా బయల్దేరదీయండని. అబుందియో భయంలో చేతికి వచ్చినవన్నీ కాల్చేశాడు.

"ఎన్ని కాల్చావు?" అంది నికనోరా.

"నాలుగో అయిదో."

"మూడు దాటాయా?"

అబుందియో చేతిలో మిగిలిన పుల్లలకేసి చూసుకున్నాడు. చర్చి వైపునుంచి బాజా మొదలైంది.

పుట్టింటివాళ్ళు వాకిట్లో బారులు తీరి కూర్చున్నారు. మూతులన్నీ పైకి. చున్‌పిచ్‌లో పెళ్ళికూతురి వైపువాళ్ళు వస్తే విస్తరిలో వడ్డన పడేదాకా పలకరు, కదలరు. గిన్నెలు కూడా ఆ మర్యాద తప్పలేదు. అన్ని నోళ్ళు, ఒక్కటీ మూసుకోకుండా, ఒక్క శబ్దం లేకుండా ఎదురుచూస్తున్నాయి. మిరపకాయలు సగమే నలిగాయి. అవి పడకపోతే పులుసు నల్లబడదు, రుచీ రాదు. ఆమె గబగబా సన్నికల్లు దగ్గరికి వచ్చింది.

సన్నికల్లు ఉన్నచోటే ఉంది. పొత్రం లేదు.

టుక్, టుక్ అని చప్పుడు వచ్చింది. పొత్రం గుమ్మం దగ్గర బస్తాను ఢీకొడుతోంది. కొంచెం వెనక్కి దొర్లి, ఆగి, మళ్ళీ వెళ్ళి ఢీకొడుతోంది. నికనోరా రాయిని చూసింది, పొత్రాన్ని చూసింది. అత్తగారి దగ్గు మింగేసిన మాట ఏమిటో ఇన్నేళ్ళకు తెలిసింది. రాయి తమదే. దానిమీది పొత్రం తమది కాదు.

తెలిసింది సరే, మిరపకాయలు సగంలో ఉన్నాయి. "స్వామీ, ఒక్క అరగంట," అని ఆమె పొత్రం మీద కూర్చుంది. పొత్రం ఆమెను కూడా తీసుకుని బస్తాను తోసుకుంటూ బయటపడింది. నికనోరా కిందపడ్డా వదల్లేదు. రెండు చేతులా పట్టుకుంటే అది ఆమెను బారుల మధ్యనుంచి ఈడ్చుకుపోయింది. ఆమె పోతుంటే కుండల మూతులు ఒకటొకటిగా అటే తిరిగాయి. పెళ్ళింట్లో అత్తగారు ఇలా పాకుతూ తిరగడం వాటికి కొత్తగా ఉన్నట్టుంది.

రాళ్ళ గోడ దగ్గర పొత్రం ఆగింది. గోడ పైన తిబుర్సియా మొహం కనిపించింది.

"నా గిన్నెలు మీ ఇంటికొచ్చాయి వదినా," అంది తిబుర్సియా. "పిలుపులొచ్చాయిట. గిన్నెల్నే పిలిచారా, మనుషుల్ని కూడానా అని కనుక్కుందామని వచ్చాను."

అంతలో ఆమె చూపు కిందికి పడింది. నికనోరా చేతుల్లో పొత్రం గోడవైపు ఒరిగిపోతోంది, అమ్మను చూసిన చంటిపిల్లలా.

"మీదేనా?" అంది నికనోరా నేలమీదనుంచే.

"మా అమ్మది. నా పెళ్ళికి ఇచ్చింది."

"మరి మా ఇంట్లో..."

"నా పెళ్ళి రొట్టెలకి పిండి రుబ్బుతూనే మీ అత్తగారు తన పొత్రం విరగ్గొట్టుకుంది. నాది పట్టుకెళ్ళింది, మర్నాడు తెచ్చిస్తానని."

"ఇన్నాళ్ళూ అడగలేదేం వదినా?"

"నా పెళ్ళికి విరిగితే నేనే ఎలా అడగను? ఆవిడే ఇస్తుందిలే అనుకున్నాను. ఆవిడ పోయాక మీరిస్తారనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేసి మిల్లుకి పోయాను."

మిల్లు అన్న మాటకు నికనోరా తల దించుకుంది. బాజా చప్పుడు బావి మలుపు దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు ఇస్తే వంట పోతుంది, జెండా పోతుంది. ఇవ్వకపోతే ఏం పోతుందో ఆమెకు చెప్పనవసరం లేదు. లేచి నిలబడి, పొత్రాన్ని ఎత్తి గోడ మీదుగా తిబుర్సియా చేతుల్లో పెట్టింది. అది ఆ చేతుల్లో పడగానే ఉత్త రాయిలా కదలకుండా ఉండిపోయింది.

"జెండా మీ ఇంటికి వస్తుందేమో వదినా. చూసుకోండి," అంది నికనోరా.

తిబుర్సియా పొత్రాన్ని కొంగుతో తుడిచింది. దాని కొనలు రెండూ తడిమింది. తర్వాత చీమలు పాకే ఆ గోడను ఎక్కి ఇవతలికి దిగింది.

"పొత్రం ఇచ్చారు సరే. దేనిమీద రుబ్బను? నా సన్నికల్లు కోళ్ళు నీళ్ళు తాగే తొట్టి అయి చాలాకాలమైంది. మిరపకాయలెక్కడ?"

తిబుర్సియా రుబ్బడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. పొత్రం రాయిమీద ఏటినీళ్ళ చప్పుడుతో జారింది. ముద్ద కాటుకలా వచ్చింది. అది పడగానే కాగులో పులుసు నల్లగా మెరిసింది, "అమ్మయ్య, అత్తా," అని కాగు నిట్టూర్చింది.

అబుందియో లోపలికి తొంగి చూశాడు. "బయట వాటికేం చేద్దాం? దాటి రావాలంటే జెండాకి కూడా దారి లేదు."

"వడ్డిద్దాం."

"కుండలకా? ఉన్నదంతా వాటికి పెట్టేస్తే సంఘానికేం పెడతావ్?"

"స్వామి పండగనాడు వాకిట్లోకొచ్చినవాళ్ళకి పెట్టమన్నారు. కడుపున్నవాళ్ళకే పెట్టమని ఎక్కడైనా ఉందా?" అంది నికనోరా. నిజానికి ఆమెకు కూడా ఆ మాటమీద గట్టి నమ్మకం లేదు. అయినా ఆ తెరిచిన నోళ్ళ మధ్య ఖాళీ చేతులతో నడవడం ఆమెవల్ల కాలేదు.

కోడళ్ళే వడ్డించాయి. గరిటెలు కాగులో మునిగి, చుక్క ఒలకకుండా బారుల వెంట వెళ్ళాయి. పెనం మీదనుంచి రొట్టెలు లేచి పళ్ళేల్లో వాలాయి. చివరి బుర్ర గిన్నె దగ్గరికి వచ్చేసరికి కాగు అడుగు కనిపించింది. ఇల్లు ఖాళీ. నికనోరా గుమ్మంలో చతికిలబడి సంఘం ఏమంటుందో తలుచుకుంది.

అప్పుడు సూర్యుడి అంచు బయటపడింది. ఎండ మళ్ళీ చిక్కబడింది. కోడి ఒకటి కూసింది. వాకిట్లో ఏదీ కదలడం లేదు. పుట్టింటివాళ్ళంతా మళ్ళీ మట్టి, ఇనుము, బుర్ర అయిపోయారు. నికనోరా దగ్గరలో ఉన్న కుండలోకి భయం భయంగా తొంగి చూసింది. పులుసు వేసినంతా ఉంది. పక్కదానిలోనూ ఉంది. గిన్నెకు పెట్టింది ఎక్కడికి పోతుంది, గిన్నెలోనే ఉంటుంది.

జెండా గుమ్మం ముందు ఆగింది. దాని వెనక బాజావాళ్ళు, వాళ్ళ వెనక తమ సామాను ఏమైందో వెతుక్కుంటూ, తిట్టుకుంటూ వస్తున్న ఊరు. అందరూ వాకిలి చూసి మాట మానేశారు. ఎవరి కుండ ముందు వాళ్ళు, ఎవరి పళ్ళెం ముందు వాళ్ళు నిలబడ్డారు. అన్నిటిలోంచి ఆవిరి లేస్తోంది.

దోన్ వెన్సెస్లావో జెండా కర్ర నేలకానించి, చాలాసేపు చూసి అన్నాడు: "ఎవరింటి గిన్నెలో వాళ్ళకే వడ్డించడం నేనెక్కడా చూడలేదు దోన్యా నికనోరా. ఇంతమందివీ ఎప్పుడు మోసుకొచ్చారు?"

"వాటంతటవే వచ్చాయి దోన్ వెన్సెస్లావో."

"అదే మరి, పని తెలిసినవాళ్ళు అలాగే అంటారు," అన్నాడాయన, తన ఇంటి పళ్ళెం ముందు కూర్చుంటూ. "ఈ పులుసులో మిరపకాయ ఎవరు రుబ్బారు? మా అమ్మ తర్వాత ఇలా నలిగిన ముద్ద తినలేదు."

"తిబుర్సియా వదిన," అంది నికనోరా, వాకిట్లో చివరి బారువాళ్ళకు కూడా వినపడేలా. మిల్లు దొరసాని అన్నవాళ్ళు పళ్ళేల్లోకి చూసుకుంటూ తిన్నారు.

సాయంత్రం దారాలు విప్పి ఎవరివి వాళ్ళకు పంపించింది. కాగు ఉత్త ఇనుమే, ఇక పలకదని తెలిసినా, దాని అంచు పట్టుకుని, "వెళ్ళిరా తల్లీ," అంది. ఇంటికి వెళ్ళినప్పటినుంచీ అది చిక్కుళ్ళు సరిగా ఉడికించడం లేదని, దిగులుపడ్డట్టుందని వెన్సెస్లావో భార్య తర్వాత చాలా రోజులు చెప్పుకుంది.

అందరూ వెళ్ళాక తిబుర్సియా పొత్రాన్ని శుభ్రంగా కడిగి చంకన పెట్టుకుంది. గోడ దగ్గర ఆగింది.

"ఆ ఎర్ర దారం ఇంకేమైనా మిగిలిందా వదినా?"

"బెత్తెడు ఉంది."

"అదీ ఇలా ఇవ్వండి."

నికనోరా జేబులోంచి తీసి ఇచ్చింది. సతుర్నీనా మర్నాడు ఇస్తానన్నది ఆ సాయంత్రానికి ఇల్లు చేరింది. నికనోరా ఆ రాత్రి సందేహం లేకుండా పడుకుని బాగా నిద్రపోయింది.

తెల్లవారగానే నానబెట్టిన మొక్కజొన్న గింజల గిన్నెతో గోడ దగ్గరికి వచ్చి, "వదినా, ఒక్క పూటకి పొత్రం ఇస్తారా, రేపు తెచ్చిచ్చేస్తాను," అంది.